ఇంజన్ ఆపిన కారణం

మెరకపాలెం ఆరోగ్య కేంద్రం. నాలుగో జీపు. బండి పుస్తకం, 212వ పుట నుంచి.

పుష్యం 3. ఉదయం 7 డిగ్రీలు. మిగిలిన స్టార్టులు 12.

6:40కి జీపు స్టార్ట్ చేశాం. పసుపు దీపం వెలిగింది. తెర మీద మాట: ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్. దాని కింద 12 అన్న అంకె. నిన్నటిదాకా అక్కడ ఏ అంకే లేదు.

డ్రైవర్ దాలినాయుడు దీపాన్ని వేలితో రెండుసార్లు కొట్టాడు. ఆరలేదు. ఈ పుస్తకం రాసే నన్ను అడిగాడు:

“పన్నెండేటి రాతబాబూ? పన్నెండు రోజులా?”

“పన్నెండు స్టార్టులు. అవి అయిపోతే తాళం తిరగదు.”

నిప్పుతో నడిచే ప్రతి బండీ తన పొగను తానే కొలిచి గాలి మండలికి చెప్పాలి. చెప్పలేని బండికి గడువిస్తారు. గడువు దాటితే ఇంజన్‌కి తాళం పడుతుంది. ఆ తాళం తీసే అధికారి మాఘం చివర్లో గానీ ఈ కొండ ఎక్కడు. ఈ నిబంధనని ఇక్కడ ఎవరూ తిట్టరు. మా తీరం ఊళ్లలోకి సముద్రం ఎందుకు వచ్చిందో, మేము ఈ మెరక ఎందుకు ఎక్కామో అందరికీ తెలుసు.

ఊళ్లో తిరగడానికి బ్యాటరీ బండ్లున్నాయి. అవి ఘాట్ ఎక్కవు. పైనున్న పదిహేడు ఊళ్లకి ఇప్పసారాతో నడిచే ఈ జీపు ఒక్కటే దిక్కు.

నర్సు నూకరత్నంకి సంగతి చెప్పాం. ఆమె గోడ మీది కాగితం చూసింది. గుర్రంగొందిలో పాంగి చిలకమ్మ ఉంది. కడుపులో కవలలు. మొదటి కాన్పు ఆపరేషన్. ఈసారీ కింద ఆసుపత్రిలోనే జరగాలి. పదకొండున ఎక్కి, రాత్రి అక్కడ ఉండి, పన్నెండున దించాలి. మధ్యాహ్నం దాటితే ఘాట్‌లో మంచు పడుతుంది, కాబట్టి అదే రోజు దిగడం కుదరదు.

“ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. రెండు స్టార్టులు చాలు. ఈలోగా గవరయ్య మావకి చూపించండి” అంది నూకరత్నం.

ఇంజన్ ఆపిన కారణం: రాత్రి అయింది.

పుష్యం 4. ఉదయం 6 డిగ్రీలు. మిగిలినవి 11.

పైన రాసిన ‘ఇంజన్ ఆపిన కారణం’ మండలి ఇచ్చిన గడి. రోజూ నింపాలి. పాత పుటలు తిరగేశాను. తొమ్మిదేళ్లలో మూడే కారణాలున్నాయి: రాత్రి అయింది, సారా అయిపోయింది, నీళ్లు మరిగాయి. పగటిపూట, సారా ఉండగా, ఊరికే ఎవరూ ఆపలేదు. ఆపితే మళ్లీ స్టార్ట్ చెయ్యాలి. స్టార్ట్ చేస్తే ఏ దీపం వెలుగుతుందోనని భయం. రోగిని చూసేంతసేపూ బయట జీపు గుడగుడమంటూనే ఉంటుంది. అలా గంటకి లీటరున్నర సారా ఖర్చు.

గవరయ్య షెడ్డు గోడ మీద కూడా అదే రాసి ఉంది: ఇంజన్ ఆపొద్దు. ఆయనకి డెబ్బై దాటాయి. తీరంలో ఉన్నప్పుడు కార్ల వర్క్‌షాపులో ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఇప్పుడు మెట్టెక్కితే ఆయాసం. ఒప్పుకోడు.

“సెన్సారంటే బండికి ముక్కు. వేడెక్కితే గానీ దానికి వాసన పట్టదు” అన్నాడు గవరయ్య. “పొగ వేడెక్కేదాకా ఆగకుండా, లోపల చిన్న హీటరుంటాది. రెండు నిమిషాలు ఎలిగి ముక్కుని కాస్తాది. ఆ హీటర్ ఎలక్కపోతే ఆ కాసేపూ బండికి లెక్క తెలీదు. సారా ఎక్కువ తాగేసి నల్లగా కక్కుతాది.”

“అచ్చం నీలాగే మావా” అన్నాడు దాలినాయుడు.

“నోర్ముయ్‌రా దాలిగా. నేను తాగితే కక్కను.”

నిన్న రాత్రి బండి చల్లారాక ఆయన పాత సెన్సార్ విప్పి కొత్తది బిగించాడు. ఆయన దగ్గరున్నది ఆ ఒక్కటే. ఈ ఉదయం స్టార్ట్ చేశాం. దీపం వెలిగింది. అంకె 11.

పాత సెన్సార్ హీటర్‌కి మీటర్ పెట్టి చూశాడు. ఆరు ఓములు. అంటే అది బాగానే ఉంది. బాగున్నదాన్ని విప్పేశాం.

ఇంజన్ ఆపిన కారణం: రాత్రి అయింది.

పుష్యం 6. ఉదయం 6 డిగ్రీలు. మిగిలినవి 8.

నిన్న రెండు పిలుపులు. ఒక ఊళ్లో తాటిచెట్టు మీంచి పడ్డ మనిషి, కాలు విరిగింది. అతన్ని దింపేటప్పుడు సారా అయిపోయి బండి దారిలో ఆగింది. డబ్బా తెప్పించి పోసి మళ్లీ స్టార్ట్ చేశాం. ఈ ఉదయం స్టార్టుతో కలిపి మూడు పోయాయి.

ఊరి పని ముగించుకుని నడుస్తున్న బండినే షెడ్డుకి తీసుకెళ్లాం. ఫ్యూజు బాగుంది. గవరయ్య బండి కింద దూరి, సెన్సార్ వైర్లు కలిసే కప్లర్‌లోకి వెనకనుంచి రెండు సన్నని సూదులు గుచ్చి మీటర్ పెట్టాడు. నడుస్తున్న బండిలో కప్లర్ ఊడదీస్తే మండలి దాన్ని మోసం కింద రాస్తుంది. అందుకే సూదులు.

“పదమూడు పాయింట్ ఎనిమిది” అని చదివాను.

“రావాల్సింది అదే. కరెంటు నిక్షేపంలా వస్తంది.” ఆయన టార్చి వేసి చూశాడు. “కప్లర్ చూడు, అద్దంలా ఉంది. ఈ బండిని ఎవడు చూసుకుంటున్నాడో గానీ...”

“నేనే మావా” అన్నాడు దాలినాయుడు. ఆ మాట చెప్పేటప్పుడు నిటారుగా నిలబడ్డాడు.

ఇంజన్ ఆపిన కారణం: రాత్రి అయింది.

పుష్యం 8. ఉదయం 5 డిగ్రీలు. మిగిలినవి 5.

నిన్న రెండు స్టార్టులు, ఇవాళ ఒకటి. ఇవాళ్టిది పై ఊరికి టీకాల పెట్టె చేర్చడానికి. ఇవాళే వెళ్లకపోతే పెట్టెలో మంచు కరిగేది.

గవరయ్య మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ 13.8. ఫ్యూజు బాగుంది, సెన్సార్ బాగుంది, కరెంటు వస్తోంది. ఇక మిగిలింది హీటర్‌ని ఆన్ చేసే కంప్యూటర్ పెట్టె. అలాంటి పెట్టె కొండ మీద ఇంకొకటి లేదు. కింద ఉందో లేదో తెలియదు.

“పెట్టె పోయింది. నా చేతిలో లేదు” అన్నాడు. ఆ మాట అనడానికి ముందు చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

నూకరత్నం తాళంచెవి తీసుకుని తన నడుముకున్న చిన్న సంచిలో వేసుకుంది. “ఇక ఈ బండి పదకొండో తారీఖున కదుల్తుంది. రెండు చిలకమ్మవి. మిగతా మూడూ నేను చెప్పినప్పుడే.”

ఇంజన్ ఆపిన కారణం: నర్సు తాళం తీసుకుంది. తొమ్మిదేళ్లలో ఇది నాలుగో కారణం.

పుష్యం 9. ఉదయం 5 డిగ్రీలు. మిగిలినవి 3.

తాళం సంచిలో పడి ఒక పూట కూడా కాలేదు. తెల్లారగానే రేడియోలో పిలుపు. పై ఊళ్లో మూడేళ్ల పాప, మరుగుతున్న గంజి ఒంటి మీద పడింది.

నూకరత్నం రేడియో ముందు అర నిమిషం నిలబడింది. తాళంచెవి తీసి దాలినాయుడి చేతిలో పెట్టింది.

వెళ్లాం. గంజి పడ్డచోట తల్లి పేడ పూసింది. నూకరత్నం గాయాన్ని కడిగి, కట్టు కట్టి, ఇద్దరినీ ఎక్కించుకుంది. దిగేటప్పుడు ఇంజన్ నీళ్లు మరిగాయి. ఆపక తప్పలేదు. మళ్లీ స్టార్టు. పాప కింద ఆసుపత్రిలో ఉంది. బతుకుతుందని చెప్పారు.

దారిలో దాలినాయుడు అన్నాడు: “మూడే ఉన్నాయి నర్సమ్మా. ఎల్లుండిలోగా ఇంకో పిలుపొస్తే?”

“రానీ.”

“వస్తే వెళ్తారా?”

వెళ్లి వచ్చేటప్పుడు ఇవాళ్టిలా నీళ్లు మరిగితే ఒకటే మిగులుతుంది. ఆ ఒక్కదానితో గుర్రంగొంది ఎక్కగలం, దిగలేం.

ఇంజన్ ఆపిన కారణాలు: నీళ్లు మరిగాయి. తర్వాత, రాత్రి అయింది.

పుష్యం 10. ఉదయం 4 డిగ్రీలు. మిగిలినవి 2.

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

ఎనిమిదింటికి గవరయ్య ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. బండి కోసం కాదు. కోడలు బలవంతంగా పంపింది. నూకరత్నం బల్ల మీద కూర్చోబెట్టి నాడి చూసింది. డెబ్బై ఆరు.

“చూశావా అమ్మా, నాకేటీ లేదు. మా కోడలికి పనిలేదు.”

“కూర్చుని ఉంటే ఎవరికైనా బాగానే ఉంటుంది మావా. పద, మెట్లెక్కు.”

కేంద్రం వెనక పద్నాలుగు మెట్లున్నాయి. గవరయ్య గొణుగుతూ ఎక్కాడు. తొమ్మిదో మెట్టు మీద ఆగి గోడ పట్టుకున్నాడు. నూకరత్నం అక్కడే మణికట్టు పట్టుకుంది. నూట ముప్పై నాలుగు. పెదాలు నీలిరంగు.

“ఇప్పుడు చెప్పు, ఏటీ లేదా? పని చేస్తున్నప్పుడు చూస్తేనే గదా గుండె సంగతి తెలిసేది.”

గవరయ్య గోడ పట్టుకునే ఉన్నాడు. ఆయాసం తగ్గాక అన్నది ఇది:

“అమ్మా, నేను బండిని కూర్చోబెట్టి నాడి చూశాను.”

మాకు అర్థం కాలేదు. ఆయన మెట్టు మీదే కూలబడి చెప్పాడు. హీటర్ వెలిగేది చల్లని బండి స్టార్టయిన మొదటి రెండు నిమిషాలే. ఆ తర్వాత పొగ వేడే సరిపోతుందని కంప్యూటర్ దాన్ని ఆపేస్తుంది. బండి షెడ్డుకి ఎప్పుడొచ్చినా వేడిగా నడుస్తూనే వచ్చింది. ఇంజన్ ఆపొద్దని గోడ మీద రాసుకున్నది ఆయనే. ఆయన కొలిచిన మూడుసార్లూ ఆ వైరులో కరెంటు పారడం లేదు. పని లేని వైరు, తెగిపోయే స్థితిలో ఉన్నా, మీటరుకి నిండు ఓల్టేజే చూపిస్తుంది.

“చల్లని బండికి ముందే సూదులు గుచ్చి ఉంచాలి. అప్పుడు స్టార్ట్ చెయ్యాలి. హీటర్ ఎలుగుతుండగా చూడాలి.”

“అంటే ఒక స్టార్టు” అంది నూకరత్నం.

“ఒకటి.”

“నువ్వు చెప్పింది తప్పైతే?”

“రెండుంటాయి గదమ్మా, చిలకమ్మకి.”

“ఆ తర్వాత మాఘం దాకా పదిహేడు ఊళ్లకి ఏమీ ఉండదు.”

లెక్క నేను చెప్పాను. ఈ పరీక్ష చెయ్యకపోయినా చిలకమ్మని దించాక మిగిలేది ఒకటే. ఒక్క స్టార్టుతో వెళ్తే, దారిలో ఇంజన్ ఆగితే తిరిగి రావడం ఉండదు. దాన్ని దాచుకుని లాభం లేదు.

“ఇంకో పిలుపొస్తే మాత్రం దాచుకున్నదే పనికొస్తుంది” అంది ఆమె. మరి కాసేపటికి సంచిలోంచి తాళం తీసింది. “పిలుపు రాకముందే కానివ్వండి.”

10:15. గవరయ్య బండి కింద పడుకున్నాడు. మీటర్ నా చేతిలో. దాలినాయుడు తాళం తిప్పాడు. దీపం వెలిగింది. అంకె 2.

మీటర్‌లో 3.1.

“ఎంత?” అని కిందనుంచి కేక.

“మూడు పాయింట్ ఒకటి.”

“మళ్లీ సెప్పు!”

మళ్లీ చెప్పాను. బండి కిందనుంచి నవ్వు వినిపించింది. దగ్గు కూడా. రెండు నిమిషాలు దాటాక అంకె దానంతట అదే 13.8కి ఎక్కింది. హీటర్ ఆగింది, వైరు మళ్లీ మంచిదైపోయింది. పది ఓల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. కంప్యూటర్ పెట్టె నిర్దోషి.

గవరయ్య కిందనుంచే అరిచాడు: “ఒరే దాలిగా, ఇంజన్ ఆపు!”

“ఆపాలా?” దాలినాయుడు గోడ మీది రాత వైపు చూశాడు.

“వేడి గొట్టం పక్కన వైరు కోయమంటావేట్రా? ఆపు.”

చల్లారాక, కప్లర్ నుంచి వెనక్కి వైరు తొడుగు చీల్చాడు. తొడుగు మీద గీత కూడా లేదు. లోపల రాగి ఉండాల్సినచోట పచ్చని పొడి ఉంది. జానెడు మేర అంతే. మిగిలిన పోగులు మూడో నాలుగో. గవరయ్య ఆ పొడిని వేలికి అద్దుకుని నాలుకకి తగిలించుకుని ఉమ్మేశాడు.

“పుల్లగా ఉంది. ఉప్పగా కూడా ఉంది.”

దాలినాయుడు జీపులోకి వంగి, సీటు కిందనుంచి ఒక రేకు డబ్బా తీసి నేల మీద పెట్టాడు. దాన్నిండా చింతపండు.

“ఆయుధపూజ నుంచి నెలకోసారి తోముతున్నాను మావా. చింతపండూ ఉప్పూ. మా అమ్మ ఇత్తడి బిందెలు అలాగే తోమేది. మెరిసిపోయేవి.”

“తోమాక బిందె కడగలేదేట్రా మీ అమ్మ?”

“కడిగేది. ఇది కరెంటు గదా అని నేను నీళ్లు పొయ్యలేదు. గుడ్డతో తుడిచీసినాను.”

పైన మెరుపు మిగిలింది. పులుపు వైరులోకి పాకి మూడు నెలలుగా రాగిని తింటూ వచ్చింది.

దాలినాయుడు తల ఎత్తలేదు. “చిలకమ్మకేమైనా అయ్యుంటే నా వల్లే” అన్నాడు.

“ఇంకా ఏమీ కాలేదు. వైరు పట్టుకో” అంది నూకరత్నం.

పాత పుటలు చూశాను. కార్తీకం 2: ‘కప్లర్లు శుభ్రం చేయబడినవి. మెరుస్తున్నవి.’ చేతిరాత నాదే. పత్రికలో ఇరవై రెండేళ్లు పనిచేసినవాణ్ని. మెరుపు కొలత కాదని నాకు తెలిసి ఉండాలి. ఆ మాట కొట్టేసి పక్కన ఇవాళ్టి అంకె రాశాను: 3.1.

సాయంత్రానికి పాడైన జానెడుకి ఇంకో జానెడు కలిపి కోసేసి, ఎర్రని రాగి కనపడ్డాక కొత్త వైరు అతికి టంకం పెట్టాడు. మిగతా మూడు వైర్లూ మరీ అంత పోలేదు. వాటినీ మార్చాడు. కప్లర్‌ని మంచినీళ్లతో మూడుసార్లు కడిగి పొయ్యి పక్కన ఆరబెట్టాడు. బాగైందో లేదో చూడాలంటే చల్లని స్టార్టు కావాలి. అది రేపు పొద్దున్నే, వెళ్లేటప్పుడే.

ఇంజన్ ఆపిన కారణం: మరమ్మతు.

పుష్యం 11. ఉదయం 4 డిగ్రీలు. మిగిలినవి: కింద చూడండి.

6:00. జీపులో నలుగురం. గవరయ్యని రావద్దన్నా వచ్చాడు. మీటర్ ఒళ్లో పెట్టుకున్నాడు. మాత్ర వేసుకున్నావా అని నూకరత్నం అడిగింది. వేసుకున్నానని రెండుసార్లు చెప్పాడు.

దాలినాయుడు తాళం తిప్పాడు. పసుపు దీపం ఎప్పటిలాగే వెలిగింది. ఏ బండికైనా మొదట వెలుగుతుంది. లెక్కపెట్టాను. పది సెకన్లు. ఇరవై. గవరయ్య మీటర్ చూసి 13.2 అన్నాడు. హీటర్ వెలుగుతుండగా 13.2. నలభై సెకన్లు. డెబ్బై.

డెబ్బై నాలుగో సెకనుకి దీపం ఆరింది. 1 అన్న అంకె చెరిగిపోయింది. తెర ఖాళీ.

దాలినాయుడు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, “పదండి” అన్నాడు.

11:20కి గుర్రంగొంది చేరాం. దాలినాయుడు అలవాటు ప్రకారం చక్రాలకి రాళ్లు పెట్టి, ఇంజన్ నడుస్తుండగానే దిగబోయాడు. నూకరత్నం పక్క సీట్లోంచి చెయ్యి చాచి తాళం వెనక్కి తిప్పింది.

తొమ్మిదేళ్లుగా ఈ ఊరివాళ్లకి ఆ గుడగుడ ఉందంటే నర్సమ్మ ఉన్నట్టు. అది ఆగిందంటే వెళ్లిపోయినట్టు. చిలకమ్మ అత్త చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

“బండి సచ్చిపోనాదా నర్సమ్మా? ఇప్పుడెలాగ?”

“చావలేదు అత్తా. పడుకుంది. రేపు పొద్దున్న లేపుతాం.”

ఆమె నమ్మలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసింది.

చిలకమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నూకరత్నం ఆమె పొట్ట మీద గొట్టం పెట్టి రెండు గుండెలూ వింది. విని, నన్ను పిలిచింది. “రాతబాబూ, రాసుకోండి. ఒకటి నూట నలభై రెండు, ఇంకోటి నూట ముప్పై ఎనిమిది. రెండోది ఇంత తేలిగ్గా దొరకడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ బయట ఇంజన్ మోత.”

మధ్యాహ్నం భోజనానికి పులుసు. దాలినాయుడు రేకు డబ్బాని చిలకమ్మ అత్తకి ఇచ్చేశాడు. అందులో చింతపండు ఎక్కడిదని ఆమె అడగలేదు.

ఇంజన్ ఆపిన కారణం: రేపు రాస్తాను.

పుష్యం 12. ఉదయం 3 డిగ్రీలు.

6:10. చిలకమ్మని వెనక సీట్లో పడుకోబెట్టాక తాళం తిప్పాం. మొదటి తిప్పుకే అందుకుంది. అరవై ఎనిమిదో సెకనుకి దీపం ఆరింది. ఇంజన్ మోత విన్నాక చిలకమ్మ అత్త బానెట్ మీద మళ్లీ చెయ్యి పెట్టి, ఈసారి తల ఊపి తీసేసింది.

దిగేటప్పుడు రెండుచోట్ల ఆగాం. చిలకమ్మకి ఊపిరి ఆడాలని ఒకసారి, ఇంజన్ నీళ్లు చల్లారాలని ఒకసారి. రెండుచోట్లా ఇంజన్ ఆపాం. రెండుచోట్లా మళ్లీ స్టార్టయింది. మామూలుగా పద్నాలుగు లీటర్లు తాగే ప్రయాణానికి తొమ్మిది లీటర్లు పట్టింది.

12:35కి ఆసుపత్రి. 3:10కి ఆడపిల్ల, 2.1 కిలోలు. 3:12కి మగపిల్లవాడు, 1.9 కిలోలు. ముగ్గురూ క్షేమం.

సాయంత్రం షెడ్డు మీదుగా వచ్చాను. గవరయ్య గోడ మీద ‘ఇంజన్ ఆపొద్దు’ అన్నదాన్ని సున్నంతో చెరిపేస్తున్నాడు. దాలినాయుడు నిచ్చెన పట్టుకున్నాడు. పైకెక్కవద్దని, ఆ పని తాను చేస్తానని మొత్తుకుంటున్నాడు. ఆయన వినడం లేదు.

ఇంజన్ ఆపిన కారణం: చేరాం.